ఫోన్‌లో నియోవిమ్ ప్లగిన్లు: వేసుకోవడం, కాపాడుకోవడం, వెనక్కి రావడం

ఈ సైట్‌లో ఎక్కువగా ఫోన్ల కెమెరా, బ్యాటరీ, ప్రాసెసర్ గురించే చదివి ఉంటారు. ఈసారి అదే ఫోన్‌లో కోడ్ రాసుకునేవాళ్ల కోసం ఒక పాఠం. నియోవిమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ని ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎలా పెట్టుకోవాలి, దానికి ప్లగిన్లు ఎలా వేసుకోవాలి, ఒక అప్‌డేట్ వల్ల ఏదైనా చెడిపోతే నిన్నటి స్థితికి ఎలా రావాలి అన్నది స్టెప్ బై స్టెప్ చూద్దాం.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మాది శ్రీ సత్యసాయి జిల్లా నల్లచెరువు. నెలలో కొన్ని రోజులు బెంగళూరు, మిగతా రోజులు ఊర్లో నుంచే పని. కరెంటు లేనప్పుడో, కదిరి బస్టాండ్‌లో బస్సు కోసం కూర్చున్నప్పుడో చిన్న ఫిక్స్ చేయాల్సి వస్తే ఫోన్‌కి బ్లూటూత్ కీబోర్డ్ తగిలించి పని కానిచ్చేస్తా. కానీ ఈ ఆర్టికల్ నాలాంటివాళ్ల కోసం మాత్రమే కాదు. మా వైపు డిప్లొమా, బీటెక్‌లో కొత్తగా చేరిన పిల్లల్లో చాలామందికి సొంత ల్యాప్‌టాప్ ఉండదు. వాళ్లకి ఫోనే కంప్యూటర్. ఇంట్లోవాళ్ల ఆధార్ ఫోటోలు, పట్టాదారు పాస్‌బుక్ ఫోటోలు, బ్యాంకు యాప్ కూడా అదే ఫోన్‌లో ఉంటాయి. అలాంటి ఫోన్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన కోడ్ వేసుకుంటున్నప్పుడు కాస్త లెక్క ఉండాలి.

ఒక గమనిక: కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా. టైప్ చేసేటప్పుడు మామూలుగానే ఇంగ్లీష్ స్పెల్లింగ్ వాడండి.

అసలు ప్లగిన్ అంటే ఏంటి?

విమ్ ఎడిటర్‌ని బ్రామ్ మోలెనార్ 1991లో అమిగా కంప్యూటర్ల కోసం విడుదల చేశారు. 2014లో థియాగో డి అరుడా దాని కోడ్ తీసుకుని నియోవిమ్ మొదలుపెట్టారు. 2021 జూలైలో వచ్చిన నియోవిమ్ 0.5 నుంచి సెట్టింగ్స్ మొత్తం లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషలో రాసుకునే వీలు వచ్చింది. ఈ ఎడిటర్ల గొప్పతనం ఇదే: ఎడిటర్‌ని మనమే ప్రోగ్రామ్ చేయొచ్చు. అలా ఎవరో రాసి గిట్‌హబ్‌లో పెట్టిన ప్రోగ్రామే ప్లగిన్.

ప్లగిన్‌లో మాయ ఏమీ లేదు. అదొక ఫోల్డర్. నియోవిమ్ ఓపెన్ అయ్యేటప్పుడు రన్‌టైమ్ పాత్ అనే లిస్టులో ఉన్న ఫోల్డర్లన్నీ వరసగా చూసి, వాటిలో ఉన్న ఫైళ్లని నడుపుతుంది. అంతే. కాబట్టి ప్లగిన్ మేనేజర్ చేసే పనులు నాలుగే: డౌన్‌లోడ్ చేయడం, ఆ లిస్టులో చేర్చడం, అప్‌డేట్ చేయడం, వద్దంటే తీసేయడం.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఫోన్‌లో మామూలు యాప్ వేస్తే కెమెరా కావాలా, కాంటాక్ట్స్ కావాలా అని ఆండ్రాయిడ్ అడుగుతుంది. నియోవిమ్ ప్లగిన్‌కి అలాంటి అడ్డుగోడ లేదు. ఎడిటర్‌కి ఏ ఫైళ్లు కనిపిస్తాయో, ప్లగిన్‌కీ అవన్నీ కనిపిస్తాయి. ఎడిటర్ ఇంటర్నెట్‌కి వెళ్లగలిగితే ప్లగిన్ కూడా వెళ్లగలదు.

మేనేజర్లు చాలా వచ్చాయి, కొన్ని పోయాయి

మొదట్లో ఫైళ్లు చేత్తో కాపీ చేసుకునేవాళ్లు. తర్వాత టిమ్ పోప్ రాసిన పాథోజెన్ వచ్చి, ఒక్కో ప్లగిన్‌ని ఒక్కో ఫోల్డర్‌లో విడిగా ఉంచుకునే దారి చూపింది. ఆ తర్వాత వండిల్. ఆ తర్వాత జునెగున్ చోయ్ రాసిన విమ్-ప్లగ్. ఇది ఒకే ఒక్క ఫైల్, ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. 2016లో వచ్చిన విమ్ 8 అయితే మేనేజర్ లేకుండానే ప్యాక్ అనే ఫోల్డర్‌లో ప్లగిన్ పెడితే చాలు, లోడ్ చేసేస్తుంది.

నియోవిమ్ వైపు కొన్నేళ్లు ప్యాకర్ అనే మేనేజర్ రాజ్యమేలింది. యూట్యూబ్‌లో పాత వీడియోలన్నీ దానితోనే ఉంటాయి. 2023 ఆగస్టులో దాని పేజీ మీదే "ఇక దీన్ని ఎవరూ చూసుకోవడం లేదు, వేరేది వాడండి" అన్న అర్థంలో నోటీసు పెట్టారు. అదే నెలలో నల్-ఎల్ఎస్ అనే పేరున్న ప్లగిన్ కూడా ఆర్కైవ్ అయిపోయింది, తర్వాత వేరేవాళ్లు దాన్ని నన్-ఎల్ఎస్ పేరుతో కొనసాగించారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. వీళ్లంతా తీరిక వేళల్లో ఉచితంగా రాసేవాళ్లు. ఎప్పుడైనా ఆపేయొచ్చు. ఆపినా మన పని ఆగకుండా చూసుకోవడం మన బాధ్యత.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఫోల్కే లెమైత్ర రాసిన లేజీ డాట్ ఎన్‌విమ్. 2022 చివర్లో వచ్చింది. ఈ పాఠానికి దాన్నే తీసుకుంటున్నా. కారణం ఒకటే: లాక్ ఫైల్ దానంతట అదే రాసిపెడుతుంది. నియోవిమ్ 0.12కి విమ్ డాట్ ప్యాక్ అనే సొంత మేనేజర్‌ని కూడా డెవలపర్లు చేర్చారు. అది కొత్తది, మారుతూ ఉంటుంది. నేర్చుకునేవాళ్లకి ప్రస్తుతానికి లేజీ మేలు.

ఫోన్‌లో సెటప్

ముందు టెర్మక్స్ యాప్ కావాలి. ఇది ఫోన్‌లో లినక్స్ టెర్మినల్ ఇస్తుంది, రూట్ అవసరం లేదు. దీన్ని ఎఫ్-డ్రాయిడ్ నుంచి గానీ, గిట్‌హబ్‌లో దాని అధికారిక పేజీ నుంచి గానీ తీసుకోండి. ప్లే స్టోర్‌లో ఉండే బిల్డ్ వేరు, దానికి పరిమితులు ఎక్కువ. ఒకటి ఒకచోట నుంచి, దాని అనుబంధ యాప్‌లు ఇంకోచోట నుంచి వేస్తే సంతకాలు కలవక ఇన్‌స్టాల్ కావు. అన్నీ ఒకేచోట నుంచి తీసుకోండి.

1. టెర్మక్స్ ఓపెన్ చేసి ముందు పీకేజీ అప్‌గ్రేడ్ కొట్టండి. ఇది తప్పనిసరి. పాత లైబ్రరీల మీద కొత్త ప్యాకేజీ వేస్తే ఓపెన్ కూడా కాకపోవచ్చు.

2. తర్వాత పీకేజీ ఇన్‌స్టాల్ అని కొట్టి నియోవిమ్, గిట్, క్లాంగ్, మేక్, రిప్‌గ్రెప్ వేసుకోండి. క్లాంగ్, మేక్ ఎందుకంటే కొన్ని ప్లగిన్లు ఫోన్‌లోనే కంపైల్ అవుతాయి. రిప్‌గ్రెప్ ఫైళ్లలో పదాలు వెతకడానికి.

3. హోమ్‌లో డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్, అందులో ఎన్‌విమ్ ఫోల్డర్, అందులో ఇనిట్ డాట్ లువా ఫైల్. మీ సెట్టింగ్స్ అన్నీ ఇక్కడే. ఈ ఎన్‌విమ్ ఫోల్డర్‌లో మొదటిరోజే గిట్ ఇనిట్ చేసేయండి. దీని అవసరం కింద చెప్తా.

4. లేజీ డాక్యుమెంటేషన్‌లో ఇచ్చిన మొదలుపెట్టే కోడ్ ముక్కని ఇనిట్ ఫైల్‌లో పెట్టండి. నియోవిమ్ ఓపెన్ చేయగానే లేజీ తనని తానే డౌన్‌లోడ్ చేసుకుంటుంది.

డేటా గురించి ఒక మాట. లేజీ ప్లగిన్ చరిత్ర మొత్తం దించదు. పాత వెర్షన్ల ఫైళ్లు అవసరమైనప్పుడే తెచ్చుకునేలా గిట్‌లో ఉన్న పార్షియల్ క్లోన్ వాడుతుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద నడిచేవాళ్లకి ఇది ఉపయోగం. ఎంత స్థలం తిన్నదో చూడాలంటే డాట్ లోకల్, షేర్, ఎన్‌విమ్, లేజీ అనే వరసలో లోపలి ఫోల్డర్‌కి వెళ్లి డీయూ కమాండ్ కొట్టండి. ఒక్కో ప్లగిన్ సైజు కనిపిస్తుంది.

సిగ్నల్ బలహీనంగా ఉంటే ఇంకో సెట్టింగ్. ఒక్కో గిట్ పనికి లేజీ 120 సెకన్లు ఎదురుచూసి వదిలేస్తుంది. మా ఇంట్లో ఒక గదిలో 4జీ, పక్క గదిలో ఏమీ ఉండదు. అలాంటిచోట గిట్ టైమవుట్‌ని 300కి పెంచుకోండి.

లాక్ ఫైల్: ఈ పాఠంలో అసలు సంగతి

మా వైపు వేరుశనగని చెనక్కాయ అంటాం. కదిరి పరిశోధన కేంద్రం నుంచి కొత్త రకం వచ్చిందని తెలిస్తే రైతు చేను మొత్తం ఒకేసారి దానితో విత్తడు. ఒక మూల వేసి చూస్తాడు. పాత విత్తనకాయ మాత్రం సంచి కట్టి అటక మీద ఉంచుకుంటాడు. కొత్తది కలిసిరాకపోతే వచ్చే కారుకి పాతది ఉండాలి కదా. లాక్ ఫైల్ అంటే ఆ విత్తనకాయ సంచి.

లేజీ ప్రతి ఇన్‌స్టాల్, అప్‌డేట్ తర్వాత మీ ఎన్‌విమ్ ఫోల్డర్‌లో లేజీ-లాక్ డాట్ జేసన్ అనే ఫైల్ రాస్తుంది. అందులో ఒక్కో ప్లగిన్ పేరు, బ్రాంచ్, సరిగ్గా ఏ కమిట్ మీద ఉందో ఆ నంబర్ ఉంటాయి. మీ ఎడిటర్ ఈరోజు ఉన్న స్థితికి ఇది ఫోటో లాంటిది.

కానీ ఒక చిక్కు ఉంది. అప్‌డేట్ చేయగానే పాత ఫోటో మీదే కొత్త ఫోటో పడుతుంది. అందుకే ఎన్‌విమ్ ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టమన్నా. ప్రతి అప్‌డేట్‌కి ముందు లాక్ ఫైల్ కమిట్ అయి ఉంటే నిన్నటి నంబర్లు గిట్‌లో భద్రంగా ఉంటాయి.

అప్‌డేట్ చేసే పద్ధతి:

1. ఎన్‌విమ్ ఫోల్డర్‌లో గిట్ స్టేటస్ చూడండి. కమిట్ చేయనివి ఏమైనా ఉంటే చేసేయండి.

2. నియోవిమ్‌లో కోలన్ కొట్టి లేజీ చెక్ అనండి. లేజీలో మొదటి అక్షరం పెద్దది. ఇది కొత్తగా ఏం వచ్చాయో తెచ్చి చూపిస్తుంది, మీ ప్లగిన్లని ఇంకా మార్చదు.

3. వచ్చిన కమిట్ల పేర్లు చదవండి. పాతదానితో సరిపడని మార్పు అని రచయిత గుర్తుపెట్టి ఉంటే లేజీ దాన్ని రంగు మార్చి చూపిస్తుంది. అలాంటిది కనిపిస్తే ఈరోజు దాని జోలికి వెళ్లకండి.

4. లేజీ విండోలో పెద్ద యూ నొక్కితే అన్నీ అప్‌డేట్ అవుతాయి. చిన్న యూ నొక్కితే కర్సర్ ఉన్న ఒక్క ప్లగిన్ మాత్రమే. చిన్న యూ అలవాటు చేసుకోండి. చెడిపోతే ఏది చెడగొట్టిందో వెతుక్కోనక్కర్లేదు.

5. ఒకరోజు మామూలుగా పని చేసుకోండి. బాగుంటే కొత్త లాక్ ఫైల్ కమిట్ చేయండి.

వెనక్కి రావాలంటే రెండే స్టెప్పులు. గిట్ రీస్టోర్‌తో లాక్ ఫైల్‌ని పాత రూపానికి తెచ్చుకోండి. తర్వాత నియోవిమ్‌లో కోలన్ లేజీ రీస్టోర్. ప్లగిన్లన్నీ పాత కమిట్లకి వెళ్లిపోతాయి. ఫోన్ మారినా ఇదే దారి: కొత్త ఫోన్‌లో మీ ఎన్‌విమ్ ఫోల్డర్ క్లోన్ చేసి ఓపెన్ చేస్తే అవే ప్లగిన్లు, అవే కమిట్లు.

నెట్ నమ్మకం లేని ఊర్లో ఉంటే ఇంకొక జాగ్రత్త. అప్‌డేట్‌కి ముందు ఆ లేజీ ఫోల్డర్ మొత్తాన్ని టార్ చేసి పక్కన పెట్టుకోండి. పాడైతే దాన్ని విప్పి పాతచోట పెట్టడమే, సిగ్నల్‌తో పని లేదు. వారం తర్వాత తీసేయొచ్చు.

విమ్-ప్లగ్ వాడేవాళ్లకి కూడా దారి ఉంది. ప్లగ్ స్నాప్‌షాట్ అనే కమాండ్ ప్రస్తుత కమిట్లన్నీ ఒక స్క్రిప్ట్‌గా రాసిస్తుంది. ప్లగ్ డిఫ్ అప్‌డేట్‌లో ఏం మారిందో చూపిస్తుంది. కాకపోతే స్నాప్‌షాట్ తీయడం మీరే గుర్తుపెట్టుకోవాలి.

ఎప్పుడు అప్‌డేట్ చేయాలి?

నేను నెలకి ఒకసారి చేస్తా. శనివారం పొద్దున, చేతిలో అర్జెంట్ పని లేనప్పుడు. రిలీజ్ ముందురోజు, పరీక్ష ముందురోజు అస్సలు ముట్టుకోవద్దు. లేజీలో దానంతట అదే అప్‌డేట్లు వెతికే చెకర్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, అలాగే ఉంచండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలా వీడియోల్లో చెప్పరు. టెర్మక్స్‌లో పీకేజీ అప్‌గ్రేడ్ కొడితే నియోవిమ్ కూడా కొత్త వెర్షన్‌కి వెళ్లిపోతుంది. లాక్ ఫైల్ ప్లగిన్లని పట్టి ఉంచుతుంది గానీ ఎడిటర్‌ని పట్టి ఉంచలేదు. పైగా టెర్మక్స్‌లో పాత వెర్షన్‌కి తిరిగి రావడం అంత సులభం కాదు. అందుకే ఎడిటర్ అప్‌గ్రేడ్, ప్లగిన్ అప్‌డేట్ ఒకేరోజు చేయకండి. ముందు ఎడిటర్, రెండు రోజులు వాడి చూడండి, తర్వాత ప్లగిన్లు.

"అయితే అసలు అప్‌డేటే మానేస్తే పోలా?" అంటారేమో. రెండు ఉదాహరణలు చెప్తా, మీరే తేల్చుకోండి. 2024 మార్చిలో ఎక్స్‌జీ అనే కంప్రెషన్ టూల్‌లో ఎవరో కావాలనే దొంగదారి పెట్టినట్టు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ కనిపెట్టారు. దొంగదారి ఉన్నవి 5.6.0, 5.6.1 వెర్షన్లు. తొందరపడి కొత్తది వేసుకోనివాళ్లు బతికిపోయారు. 2019లో దీనికి రివర్స్ జరిగింది. విమ్, నియోవిమ్‌లలోనే మోడ్‌లైన్ అనే ఫీచర్‌లో లోపం బయటపడింది. ఎవరో తయారుచేసిన టెక్స్ట్ ఫైల్ ఓపెన్ చేస్తే చాలు, అందులో దాచిన కమాండ్లు నడిచే ప్రమాదం. నియోవిమ్ 0.3.6లో దాన్ని సరిచేశారు. అక్కడ అప్‌డేట్ చేయనివాళ్లకే ముప్పు. కాబట్టి తొందరా వద్దు, బద్ధకమూ వద్దు. సెక్యూరిటీ ఫిక్స్ అని రాసి ఉంటే వెంటనే, మిగతావి నెలకోసారి.

ఫోన్‌లో మాత్రమే వచ్చే మూడు చిక్కులు

ఒకటి, మేసన్. ఇది లాంగ్వేజ్ సర్వర్లని, అంటే మీరు కోడ్ రాస్తుంటే తప్పులు చూపించే ప్రోగ్రామ్‌లని దించే ప్లగిన్. ల్యాప్‌టాప్‌లో సూపర్. ఫోన్‌లో మాత్రం అది దించే రెడీమేడ్ ఫైళ్లలో చాలావరకు మామూలు లినక్స్ కోసం తయారైనవి. ఆండ్రాయిడ్ వాడే సీ లైబ్రరీ వేరు, పేరు బయోనిక్. అందుకే ఇన్‌స్టాల్ అయినట్టే చూపించి రన్ కావు. పరిష్కారం సులువు: టెర్మక్స్ ప్యాకేజీల్లోనే వెతకండి. క్లాంగ్‌తో పాటు సీ భాష సర్వర్ వస్తుంది. లువా సర్వర్, రస్ట్ అనలైజర్ కూడా ఉన్నాయి. ఇవి ఫోన్ కోసమే కంపైల్ చేసినవి.

రెండు, సిగ్నల్ 9. ప్లగిన్లు దిగుతుండగా టెర్మక్స్ టపీమని ఆగిపోయి "ప్రాసెస్ కంప్లీటెడ్, సిగ్నల్ 9" అని వస్తే ప్లగిన్‌ని తిట్టకండి. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లు వెనకాల నడిపే పిల్ల ప్రాసెస్‌లు అన్నీ కలిపి 32 దాటితే సిస్టమ్ వాటిని చంపేస్తుంది. లేజీ ఒకేసారి చాలా గిట్ పనులు మొదలుపెడుతుంది కాబట్టి ఈ గీత తొందరగా దాటుతుంది. లేజీ సెట్టింగ్స్‌లో కాంకరెన్సీని 4కి తగ్గించండి. ఆండ్రాయిడ్ 14 ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లో ఈ చైల్డ్ ప్రాసెస్ ఆంక్ష ఆపే స్విచ్ కూడా ఉంటుంది. దీంతోపాటు టెర్మక్స్ నోటిఫికేషన్‌లో వేక్‌లాక్ ఆన్ చేస్తే స్క్రీన్ ఆరిపోయినా డౌన్‌లోడ్ కొనసాగుతుంది.

మూడు, స్టోరేజ్ పర్మిషన్. ఇదే అన్నిటికంటే పెద్దది. చాలా వీడియోల్లో టెర్మక్స్ వేయగానే మొదటి కమాండ్‌గా టెర్మక్స్ సెటప్ స్టోరేజ్ కొట్టమంటారు. అది కొట్టి అలౌ అంటే మీ డౌన్‌లోడ్స్, కెమెరా ఫోటోలు టెర్మక్స్‌కి కనిపిస్తాయి. టెర్మక్స్‌కి కనిపిస్తే నియోవిమ్‌కి కనిపిస్తాయి. నియోవిమ్‌కి కనిపిస్తే ప్రతి ప్లగిన్‌కీ కనిపిస్తాయి. ఆధార్ ఫోటో, బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్, అన్నీ.

కోడ్ రాసుకోవడానికి ఆ పర్మిషన్ అవసరమే లేదు. కోడ్ టెర్మక్స్ హోమ్‌లోనే ఉంచుకోండి, బయటికి పంపాలంటే గిట్ పుష్ చేయండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్ పర్మిషన్లకి వెళ్లి తీసేయండి.

60 నుంచి 14కి

మా పిన్ని కొడుకు డిప్లొమా రెండో సంవత్సరం. యూట్యూబ్‌లో ఎవరిదో కాన్ఫిగ్ మొత్తం కాపీ చేసుకున్నాడు.

"అన్నా, ఓపెన్ చేసి టీ తాగొచ్చేసరికి కూడా లోడ్ కావట్లేదు. ఫోన్ మార్చాలేమో" అన్నాడు.

"ఫోన్ సంగతి తర్వాత చూద్దాం లేరా. ముందు లేజీ ప్రొఫైల్ కొట్టు" అన్నా.

చూస్తే 60 పైనే ప్లగిన్లు. అందులో సగం పేర్లు వాడికే తెలీదు. అంటే ఇంట్లోవాళ్ల కాగితాలున్న ఫోన్‌లో, వాడికి తెలియని కోడ్ 30 చోట్ల నుంచి వచ్చి నడుస్తోంది. ఇద్దరం కూర్చుని ఒక్కోదానికి ఈ ఐదు ప్రశ్నలు వేశాం:

1. ఈ పని నియోవిమ్ సొంతంగా చేయదా? 2024 మేలో వచ్చిన 0.10 నుంచి లైన్లని కామెంట్ చేయడం ఎడిటర్‌లోనే ఉంది, జీసీ నొక్కితే చాలు. 2025 మార్చిలో వచ్చిన 0.11లో లాంగ్వేజ్ సర్వర్‌ని పెట్టుకోవడం చాలా తేలికైంది, దాని నుంచి వచ్చే ఆటో కంప్లీషన్ కూడా ఎడిటర్‌లోనే ఆన్ చేసుకోవచ్చు.

2. గత వారంలో దీన్ని వాడానా? వాడకపోతే తీసేయ్. మళ్లీ కావాలంటే రెండు నిమిషాల పని.

3. ఎవరు చూసుకుంటున్నారు? చివరి కమిట్ ఎప్పుడు, ఇష్యూలకి జవాబు ఇస్తున్నారా, ఆర్కైవ్ అని పేజీ మీద ఉందా?

4. దీని వెనకాల ఇంకెన్ని వస్తున్నాయి? ఒక ప్లగిన్ కోసం మూడు ప్లగిన్లు, ఒక కంపైలర్ కావాలంటే ఫోన్‌లో బరువే.

5. రేపు ఇది ఆగిపోతే నా పని ఆగుతుందా? ఆగుతుందంటే ప్రత్యామ్నాయం ఏంటో ఈరోజే తెలుసుకో.

చివరికి 14 మిగిలాయి. లిస్టులో నుంచి తీసేశాక లేజీ విండోలో పెద్ద ఎక్స్ నొక్కితే వాడని ఫోల్డర్లు ఫోన్‌లో నుంచి పోతాయి. మిగిలినవాటిలో కొన్నిటిని కావాల్సినప్పుడే లోడ్ అయ్యేలా పెట్టాం. పైథాన్ ప్లగిన్ పైథాన్ ఫైల్ తెరిచినప్పుడే, వెతికే ప్లగిన్ దాని కీ నొక్కినప్పుడే. లేజీ అనే పేరు వచ్చింది ఇందుకే. ఫోన్ మార్చాల్సిన అవసరం రాలేదు.

ఒక ప్లగిన్‌ని మాత్రం కదలకుండా కట్టేశాం, ట్రీ-సిట్టర్. కోడ్‌కి రంగులు వేసే ఈ ప్లగిన్‌లో పాత మాస్టర్ బ్రాంచ్‌ని నిలిపేసి, దానితో సరిపడని మెయిన్ బ్రాంచ్‌ని కొత్తగా రాశారు. పాత వీడియో చూసి సెట్టింగ్స్ రాసి, కొత్త బ్రాంచ్ దించుకుంటే ఎర్రర్లే. అందుకే ఏ బ్రాంచ్ కావాలో స్పష్టంగా రాసి, పిన్ అనే సెట్టింగ్‌ని ట్రూ చేశాం. పిన్ చేసినదాన్ని లేజీ అప్‌డేట్‌లో కలపదు.

చెడిపోతే వెతికే పద్ధతి

ముందు నియోవిమ్‌ని క్లీన్ అనే ఆప్షన్‌తో ఓపెన్ చేయండి. అప్పుడు మీ సెట్టింగ్స్, ప్లగిన్లు ఏవీ లోడ్ కావు. అప్పటికీ సమస్య ఉంటే ఎడిటర్‌లోనో టెర్మక్స్‌లోనో ఉంది. లేకపోతే మీ ప్లగిన్లలో ఉంది.

ప్లగిన్లలో ఉంటే సగం ఆపేయండి. ఒక్కోదానికి ఎనేబుల్డ్‌ని ఫాల్స్ చేస్తే చాలు. సమస్య పోతే ఆపేసిన సగంలో దొంగ ఉన్నాడు, పోకపోతే మిగతా సగంలో. మళ్లీ సగం. 14 ప్లగిన్లుంటే నాలుగు సార్లలో దొరికిపోతుంది. కోలన్ చెక్‌హెల్త్ కూడా కొట్టి చూడండి, ఏ టూల్ లేదో అదే చెప్తుంది.

కొత్త ప్లగిన్‌ని అసలు సెటప్‌లో కలపకుండా ట్రై చేయాలంటే ఎన్‌విమ్ యాప్‌నేమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, 0.9 నుంచి. దానికి ట్రయల్ అని పేరు ఇచ్చి ఓపెన్ చేస్తే సెట్టింగ్స్, ప్లగిన్లు అన్నీ ట్రయల్ అనే వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. చేనులో ఒక మూల విత్తి చూడటం అంటే ఇదే. అయితే ఇది ఫైళ్లని కాపాడే గోడ కాదు, సెట్టింగ్స్ కలిసిపోకుండా చూసే గట్టు మాత్రమే.

ఈమాక్స్ వాళ్లకి

ఈమాక్స్‌కి 24వ వెర్షన్ నుంచి సొంత ప్యాకేజీ మేనేజర్ ఉంది. 2023లో వచ్చిన 29 నుంచి యూజ్-ప్యాకేజీ కూడా లోపలే ఉంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 30.1తో నేరుగా ఆండ్రాయిడ్ యాప్‌గా కూడా నడుస్తోంది, టెర్మక్స్ అక్కర్లేదు. జాగ్రత్త ఒక్కటే: మెల్పా అనే రిపోలో ప్యాకేజీలు సోర్స్‌లో తాజా కమిట్ నుంచే తయారవుతాయి. నిలకడ కావాలంటే గ్నూ ఎల్పాలో దొరికేవి ముందు చూడండి.

తెలుగులో టైప్ చేసేవాళ్లకి ఇంకో మాట. టెర్మినల్ అక్షరాలని గళ్ల నోట్‌బుక్‌లో లాగా ఒక్కో గడిలో పెడుతుంది. అందుకే అక్కడ తెలుగు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతుంటాయి. దీన్ని ప్లగిన్ వేసి సరిచేయలేం. కంప్యూటర్‌లో అయితే విండోగా తెరిచే ఈమాక్స్ తెలుగు బాగా చూపిస్తుంది, తెలుగు టైప్ చేసే పద్ధతులు కూడా దానితోనే వస్తాయి.

ఫైనల్‌గా

ఫోన్‌లో నియోవిమ్ ఎవరికి? కీబోర్డ్ ఉన్నవాళ్లకి, పైథాన్, సీ, వెబ్ నేర్చుకునేవాళ్లకి, అత్యవసరంగా ఒక ఫైల్ సరిచేయాల్సినవాళ్లకి బాగా పనికొస్తుంది. పెద్ద ఆండ్రాయిడ్ స్టూడియో ప్రాజెక్ట్ చేయాలంటే ఇది సరిపోదు, ల్యాప్‌టాప్ కావాల్సిందే.

ఈరోజు ఒక్క పది నిమిషాలు కేటాయించి మూడు పనులు చేసేయండి. ఎన్‌విమ్ ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టి లాక్ ఫైల్ కమిట్ చేయండి. టెర్మక్స్‌కి స్టోరేజ్ పర్మిషన్ ఉంటే తీసేయండి. లేజీ విండో తెరిచి, పేరు చూసి ఏం చేస్తుందో చెప్పలేని ప్లగిన్లన్నీ తొలగించండి. వచ్చే ఆర్టికల్‌లో తక్కువ ధరలో దొరికే మడత బ్లూటూత్ కీబోర్డ్‌లలో ఎస్కేప్ కీ సరిగ్గా ఉన్నవి ఏవో చూద్దాం. విమ్ వాడేవాళ్లకి ఆ కీ ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు కదా.